మసాయిల ముంగిట

మావాళ్ళంతా సింహాలను చూడటానికి బయలుదేరారు. నేను ఆవులను చూచి వచ్చాను. ఆఫ్రికా దాకా పోయి ఆవులను చూడటమేమిటని మా ఊళ్ళో అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు గాని, ఒంగోలు గిత్తల మధ్య పుట్టి పెరిగినదాన్ని. ఎక్కడైనా మూపురం కనబడితే నా కళ్ళు మరోవైపు తిరగవు.

మా అమ్మాయీ, అల్లుడూ టాంజానియాలోని అరూషాలో ఉండగా, 2023 ఫిబ్రవరిలో వాళ్ళ దగ్గరకు వెళ్ళాను. అరూషా నుంచి పడమరగా కారులో పోతే కరాటు అనే చిన్న పట్నం వస్తుంది. అది దాటి కొండ ఎక్కితే గొరొంగొరో. ఎప్పుడో లక్షల ఏళ్ళ క్రితం కూలిపోయిన అగ్నిపర్వతం అది. దాని నోరు 19 కిలోమీటర్ల వెడల్పు, 600 మీటర్ల లోతు. అడుగున సింహాలు, ఖడ్గమృగాలు, కొంగల గుంపులు. పైన అంచుమీద మంచు, చలి. దాన్ని గురించి రాసినవాళ్ళు కావలసినంతమంది ఉన్నారు కనుక నేను రాయను. మావాళ్ళు ఫొటోలు తీసుకుంటుంటే, శాలువా కప్పుకుని కారులో కూర్చున్నాను. మా డ్రైవరు మసాయి కుర్రవాడు. చక్కగా ఇంగ్లీషు మాట్లాడతాడు. "మీకు ఎన్ని ఆవులున్నాయి?" అని అడిగాను. అంతే, అతని ముఖం వికసించింది. వచ్చిన దగ్గరనుంచీ అతన్ని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు కాబోలు. మర్నాడు ఎండులెన్ దగ్గర ఉన్న తన అక్కగారింటికి తీసుకువెళతానన్నాడు.

"అత్తయ్యగారూ, మీరు మంచి గైడునే పట్టారు" అని మా అల్లుడు నవ్వాడు.

మసాయి ఇల్లంటే ఒక ఇల్లు కాదు. ముళ్ళకంపతో గుండ్రంగా పెద్ద దొడ్డి. దాని అంచున వరుసగా బోర్లించిన తట్టల్లా ఇళ్ళు. నడుమ పశువులకు జాగా. మేము దిగీ దిగగానే పిల్లలందరూ పరుగెత్తుకొచ్చి నా ముందు తలలు వంచి నిలబడ్డారు. ఏం చెయ్యాలో డ్రైవరు సైగ చేశాడు. ఒక్కొక్కరి నెత్తిమీదా అరచెయ్యి ఆనించాను. పెద్దవాళ్ళకు పిల్లలు పెట్టే నమస్కారం అది. మన పిల్లలు కాళ్ళకు దణ్ణం పెడితే మనం తల నిమరమూ!

అక్కగారు నలభై ఏళ్ళ మనిషి. నున్నగా గొరిగిన తల, మెడనిండా పూసల హారాలు. నన్ను "యేయో" అని పిలిచింది. అమ్మా అని అర్థమట. వంగి లోపలికి వెళ్ళాము. కర్రలు పాతి, కంపలు అల్లి, పేడా మట్టీ కలిపి మెత్తిన గోడలు. పొగ పోవడానికి చిన్న కన్నం. మా అమ్మాయి ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుంది గాని, నాకు ఆ వాసన చిన్ననాటి మా పశువుల పాక వాసనే. పొయ్యికి అవతల, చీకట్లో, పుట్టి వారం కూడా కాని పెయ్యదూడ ముడుచుకుని పడుకుని ఉంది. ఎముకలు కొరికే చలికి లేగదూడలను ఇంట్లోనే పడుకోబెట్టుకుంటారు. ఇల్లు కట్టేది ఆడది. కప్పు కారితే మెత్తేదీ, బీటలు తీస్తే అలికేదీ ఆడదే. కనుక ఆ ఇల్లు ఆమెది. మగడు కూడా అక్కడ చుట్టమే ననుకోండి. ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోండి, మళ్ళీ వస్తుంది.

సాయంత్రం మంద వచ్చింది. మన గిత్తల్లో సగం కూడా ఉండవు ఆ ఆవులు. కాని మూపురం ఉంది, గంగడోలు ఉంది. మనవాటికి పినతండ్రి బిడ్డలే. మంద చొరబడుతుంటే అక్కగారు వేళ్ళతో లెక్క పెట్టలేదు. ఊరికే చూసింది. రంగునుబట్టి, మచ్చలనుబట్టి, కొమ్ములనుబట్టి ఏది వచ్చిందో ఏది రాలేదో ఆమెకు తెలుసు. మనకు కర్రి, కపిల, పుల్ల, బొల్లి అని ఉన్నట్టే మసాయి భాషలోనూ ఆవు రంగులకు లెక్కలేనన్ని మాటలున్నాయట. ఆకాశంలోని దేవుడు ఎన్‌కాయ్ లోకంలోని పశువులన్నిటినీ తమకే ఇచ్చాడని వాళ్ళ నమ్మకం. ఆ లెక్కన మా ఒంగోలు గిత్తలూ వాళ్ళవే! మా పెదనాన్నగారు వింటే దుడ్డుకర్ర తీసేవారు.

దూడను విడిచి, ఆవు చేపగానే ఒక పక్క దూడ కుడుస్తుండగా రెండో పక్క తాను పితికింది. పితికినది సొరబుర్రలోకి. ఆ బుర్రను నీళ్ళతో కడగరు. అడవి ఆలివ్ కర్ర నిప్పుకొనతో లోపలంతా రాచి, బూడిద దులుపుతారు. పాలకు ఆ పొగవాసన పడుతుంది. మూత తీసి నా చేతికిచ్చింది. తాగాను. పిడకల దాలిమీద మధ్యాహ్నమంతా కాగి ఎర్రబడిన పాలు తాగినవాళ్ళకు ఆ రుచి వర్ణించి చెప్పనక్కరలేదు. తాగనివాళ్ళకు చెప్పినా లాభం లేదు.

ఆ గుట్టమీదనుంచి చూస్తే కింద సెరెంగెటి వైపు మైదానం పచ్చగా, కంటికి ఆనినంత దూరం పరచుకుని ఉంది. అగ్నిపర్వతాల బూడిద పడిన నేల. ఆ పొట్టిగడ్డిలో ఉన్న బలం మరెక్కడా లేదంటారు. అంత పచ్చిక కింద పెట్టుకుని, మీ ఆవులు ఈ గుట్టమీద ముతకగడ్డి కొరుకుతున్నాయేమని అడిగాను. అక్కగారు మైదానంలో చీమలబారుల్లాంటి నల్లటి గుంపులను చూపించింది. అవి వైల్డ్‌బీస్టులు. ఎనుబోతు తల, గుర్రం తోక తగిలించినట్టుండే జంతువులు. ఏటా ఈ రోజుల్లో లక్షలకొద్దీ అక్కడికి వచ్చి ఈనుతాయి. వాటి మాయ పడిన చోట మేసిన ఆవు గుడ్లు తెల్లబడి, ముక్కు కారి, చచ్చిపోతుందని ఆమె చెప్పింది. మాయవల్ల కాదు, దూడల ముక్కునుంచి కంటినుంచి కారే నీటిలో ఉండే వైరస్‌వల్ల అని పశువైద్యులంటారు. ఎలాగైతేనేం, ఆ రోగానికి మందు లేదు. ఆ దూడలకు మూడు నెలలు నిండేదాకా మంచి పచ్చికను వైల్డ్‌బీస్టులకు విడిచి, మసాయిలు మందలను పైకి తోలుకుంటారు. అవి కదిలిపోయాక దిగుతారు.

ఇందులో మరో విచిత్రం ఉంది. 1961లో అక్కడ వైల్డ్‌బీస్టులు రెండున్నర లక్షలు. పశువుల పెద్దరోగానికి, అంటే రిండర్‌పెస్ట్‌కు, చుట్టుపక్కల మందలకు టీకాలు వేశారు. ఆవులకు రోగం పోయింది. వాటినుంచి అంటుకోవడం మాని వైల్డ్‌బీస్టులకూ పోయింది. 1977 నాటికి అవి 13 లక్షలయ్యాయి! టీకా ఆవుకు, మేలు అడవి జంతువుకు. ఆవులకు దక్కే గడ్డి మాత్రం ఆమేరకు తగ్గింది. అయినా మసాయిలు వాటిని వేటాడి తినరు. పాడి ఉన్నవాడు అడవి మాంసం ముట్టడం వాళ్ళలో నామోషీ.

ఇప్పుడు అసలు సంగతి. 1951లో సెరెంగెటి జాతీయవనమయింది. 1959లో బ్రిటిషు దొరలు అక్కడి మసాయిలను లేవదీసి, గొరొంగొరో ప్రాంతంలో మీరూ, మీ పశువులూ, అడవి జంతువులూ కలిసి బతకండి అన్నారు. అప్పుడు వాళ్ళు 8 వేలమంది దాకా ఉన్నారు. 1974లో ఆ అగ్నిపర్వతపు గుంటలోనుంచి కూడా ఖాళీ చేయించారు. వ్యవసాయం 1975లో కూడదన్నారు, 1992లో సరేనన్నారు, 2009లో మళ్ళీ కూడదన్నారు. 2017 నాటికి జనం 93 వేలయ్యారు. ఆవులు ఆ లెక్కన పెరగలేదు. పాలు చాలక, గొడ్డునమ్మి మొక్కజొన్న పిండి కొనుక్కు తినే ఇళ్ళే ఎక్కువ. జనమూ, మందలూ ఎక్కువై అడవికి చేటు వస్తోందని ప్రభుత్వం అంటుంది. 2022 జూన్ నుంచి, ఇష్టపడి వచ్చేవాళ్ళను 600 కిలోమీటర్ల అవతల ఉన్న మ్సొమెరాకు తరలిస్తోంది. మూడు గదుల సిమెంటు ఇల్లు, సాగుకు అయిదెకరాల నేల ఇస్తారు. బడికీ ఆస్పత్రికీ వచ్చే డబ్బు తగ్గించి, పొమ్మనలేక పొగబెడుతున్నారని ఇక్కడివాళ్ళంటారు. ప్రభుత్వం అదేమీ లేదంటుంది.

పొయ్యి దగ్గర అక్కా తమ్ముడూ ఇదే మాటమీద పోట్లాడుకున్నారు. పోట్లాట ఏ భాషలోనైనా అర్థమవుతుంది లెండి. వెళ్ళమని తమ్ముడు. పిల్లలకు దగ్గరలో బడి, కారని కప్పు, దున్నుకోను నేల. క్రితం ఏడు వానలు లేక సగం మంద పోయింది, ఇక్కడేముందని అతని వాదం. అతను చెప్పినది కొట్టివేయవలసింది కాదు.

ఆమె నిప్పు ఎగదోస్తూ చెప్పిన జవాబును అతనే తలవంచుకుని నాకు ఇంగ్లీషులో చెప్పాడు: "ఆయనకు మేమిద్దరం భార్యలం. వాళ్ళిచ్చే ఇల్లు ఒక్కటి. కాగితంమీద పేరు ఆయనది. ఈ ఇల్లు నా చేతులతో నేను కట్టుకున్నాను. అక్కడ నేనెవరి ఇంట్లో ఉండాలి? ఇక్కడ ఏ నెలలో ఏ గడ్డి ఆవును చంపుతుందో మా అమ్మ నాకు చెప్పింది. అక్కడి గడ్డి సంగతి నాకెవరు చెప్తారు? ఆ నేలమీద ముందే ఉన్నవాళ్ళున్నారట, వాళ్ళు చెప్తారా?"

మా ఇల్లు మావారి పేర ఉండేది. ఇప్పుడు మా అబ్బాయి పేర ఉంది. యాభై ఏళ్ళు దాని గడప కడిగి, ముగ్గు పెట్టినదాన్ని నేను. ఈ మాట ఆమెతో అనలేదు. మా అమ్మాయి మాత్రం నా వంక చూసింది.

నా మట్టుకు నాకు అనిపించినదేమంటే, జంతువులను కాపాడాలనే వాళ్ళు ఆ మైదానాన్ని ఎవరూ లేని అడవి కింద జమకడుతున్నారు. ఏటా మూడు నెలలు మంచి గడ్డిని వదులుకుని, గుట్టెక్కి కూర్చునే ఈ మనుషుల లెక్క ఏ పద్దులో రాస్తారో నాకు తెలియలేదు.

సెలవు తీసుకునేటప్పుడు ఆమె తన అరచేతిలో తుంపర ఉమ్మి నా చేతిని పట్టుకుంది. మా అమ్మాయి అదిరిపడింది. వాళ్ళలో అది దీవెన. ముద్దొచ్చే పసివాణ్ణి చూసి, దిష్టి తగలకుండా మా నాయనమ్మ "తూ తూ" అనేది కాదూ!

2024 ఆగస్టులో వేలకొద్దీ మసాయిలు గొరొంగొరో రోడ్డుమీదికి వచ్చి కొన్ని రోజులపాటు నిరసన తెలిపారని మా అల్లుడు ఫోనులో చెప్పాడు. డిసెంబరులో దేశాధ్యక్షురాలు సామియా సులుహు హసన్ అరూషాలో వాళ్ళ పెద్దలతో మాట్లాడి, నేల విషయానికొకటి, తరలింపు విషయానికొకటి రెండు కమిషన్లు వేస్తానన్నారట. డ్రైవరు కుర్రవాణ్ణి వాళ్ళ అక్కగారి సంగతి కనుక్కోమన్నాను. బావ ఇంకా సంతకం పెట్టలేదని కబురు చేశాడు. వానలకు దెబ్బతిన్న కప్పును అక్క మళ్ళీ మెత్తుకుందట. ఆ పొయ్యి పక్క పెయ్య ఏపుగా ఎదిగిందట. ఇంకో ఏడాదికి చూడి కట్టవచ్చునట.