రోడ్డు ఎడమ అంచు

హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డును ఆనుకుని 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. 2023 అక్టోబరు 1న తెరిచారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సౌర ఫలకాల కప్పు, ఆ కప్పు సామర్థ్యం 16 మెగావాట్లు. ఆ దారంటే నాకు ఇష్టం. మే నెల ఎండలోనూ నీడన తొక్కవచ్చు. లారీ హారను వినబడుతుంది గాని మీదికి రాదు. బ్యాలెన్సు కోసం తంటాలు పడే పిల్లలు, పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు మళ్ళీ సైకిలెక్కిన ఆడవాళ్ళు అక్కడ నిశ్చింతగా కనిపిస్తారు. ఒక నగరం సైకిలు కోసం ఇంత డబ్బు, ఇంత స్థలం కేటాయించడం చిన్న విషయం కాదు.

అయితే అక్కడికి చేరడానికే చాలామందికి కారు కావాలి. ఆదివారం పొద్దున సైకిళ్ళను కారు వెనక కట్టుకుని వస్తారు, తొక్కుతారు, మళ్ళీ కట్టుకుని వెళ్ళిపోతారు. వ్యాయామానికి అది మంచి చోటే. పనికి పోయే సైకిలు మాత్రం ఆ దారిన రాదు.

దాన్ని చూడాలంటే తెల్లవారుజామున నాలుగున్నరకు వీధిలోకి రావాలి. పేపరు కట్టలు క్యారియర్‌కు బిగించిన కుర్రాళ్ళు, హ్యాండిల్‌కు చెరోవైపు పాలప్యాకెట్ల సంచులు తగిలించుకున్నవాళ్ళు, రాత్రి డ్యూటీ దిగి గదికి పోయే వాచ్‌మెన్లు, ఫ్లాస్కు కట్టుకుని చాయ్ అమ్మడానికి బయల్దేరినవాళ్ళు, బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి అపార్టుమెంట్ల పనుల్లో కుదిరిన కూలీలు. 2011 జనగణన నాటికి దేశంలో దాదాపు 45 శాతం ఇళ్ళలో సైకిలు ఉంది. అదేమీ ఆటవస్తువు కాదు. బస్సు మొదలవని వేళ, ఆటోకు డబ్బులు చాలని వేళ మనిషిని పనికి చేర్చే బండి.

వీళ్ళందరికీ మనం వదిలిన దారి రోడ్డు ఎడమ అంచు, మహా అయితే ఒక మీటరు. రోడ్డు మీద చెడ్డదంతా చేరేదీ అక్కడే. వాన వెలిశాక ఇసుక అక్కడే పేరుకుంటుంది. పగిలిన సీసా పెంకులు అక్కడికే కొట్టుకొస్తాయి. పాత తారు మీద కొత్త తారు పోసినప్పుడు మ్యాన్‌హోల్ మూత అక్కడే గుంటలో పడుతుంది. కేబుల్ కోసం తవ్విన కాలువను అక్కడే మట్టితో కప్పి వెళ్ళిపోతారు. వాననీళ్ళు దిగే జాలీలు ఉంటాయి చూడండి, వాటి కమ్మీలు రోడ్డు పొడుగునా ఉన్నచోట సన్నని ముందు చక్రం ఆ సందులో దిగిపోతుంది. మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి ముందుకు పడతాడు. జాలీని తిప్పి, కమ్మీలు చక్రానికి అడ్డంగా వచ్చేలా బిగిస్తే చాలు, ఆ ప్రమాదం ఉండదు.

పంచర్ షాపు దగ్గర ట్యూబు అతుకు కోసం కూర్చున్న ఒక వాచ్‌మెన్ పెద్దాయనను, “రోడ్డు మీద ఎట్లుంటది పెద్దనాయనా?” అని అడిగాను. “అంచుకు తొక్కితే పంచర్ సారూ, నడుమ తొక్కితే పానం. యాడ తొక్కాలె?” అన్నాడు. అడిగింది నన్నే గాని, జవాబు చెప్పాల్సినవాళ్ళు అక్కడ లేరు.

కారుకు గుంత ఒక కుదుపు. సైకిలుకు అది పక్క వరసలోకి, వెనకొచ్చే బస్సు ముందుకి పడిపోవడం. అందుకే నా దృష్టిలో మరమ్మతు చిన్న పని కాదు. కొత్త దారికి శిలాఫలకం ఉంటుంది, అతుకు వేసినవాడి పేరు ఎవరూ రాయరు. రంగు పూసి గీసిన సైకిల్ దారి గతీ అంతే. అడ్డంగా పాతిన ఒక్క స్తంభం విరిగితే ముందు స్కూటర్లు దూరతాయి, తర్వాత కార్లు ఆగుతాయి, ఆనక గీత చెరిగిపోతుంది. విరిగిన వారంలో స్తంభం మళ్ళీ పాతితే ఆ దారి బతుకుతుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 198ఎ సెక్షను చేర్చారు. రోడ్డు డిజైను, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించనందువల్ల మనిషి చనిపోయినా, అవిటివాడైనా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. నిర్వహణ అన్న మాట చట్టంలోనే ఉంది. ఆ సెక్షనును వాడాలి.

ఇక కూడళ్ళు. హైదరాబాదులో చాలాచోట్ల సిగ్నళ్ళు మూసి యూటర్న్‌లు పెట్టారు. కార్లు ఆగకుండా సాగుతాయి. సైకిలు మీద కుడివైపు తిరగాల్సిన మనిషి మాత్రం అంత దూరం ముందుకు పోయి, వేగంగా వచ్చే మూడు వరసల్ని ఒంటరిగా కోసుకుంటూ నడుమకు చేరి, తిరిగి, మళ్ళీ అన్ని వరసలూ దాటి ఎడమకు రావాలి. ఫ్రీ లెఫ్ట్ ఉన్నచోట నేరుగా పోయే సైకిలుకు అడ్డంగా కార్లు మలుపు తిరుగుతాయి. అక్కడ మలుపును బిగించి ఇరుకు చేస్తే బండి వేగం దానంతటదే తగ్గుతుంది. వేగానికీ ప్రాణానికీ లెక్క తెలిసిందే: గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గుద్దిన కారు కన్నా 65తో గుద్దిన కారు కింద పాదచారి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే వీధుల్లో వేగం 30 దాటకూడదని 2020 స్టాక్‌హోమ్ ప్రకటన కోరింది. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో దాదాపు అయిదో వంతు కాలినడకన పోతున్నవాళ్ళు, సుమారు 3 శాతం సైకిలు మీద పోతున్నవాళ్ళు.

వరంగల్‌ను తలుచుకుంటే నాకు ఆశ కలుగుతుంది. కేంద్రం 2020లో మొదలుపెట్టిన సైకిల్స్ ఫర్ చేంజ్ పోటీలో చివరికి ఎంపికైన 11 నగరాల్లో అదీ ఒకటి. హనుమకొండ, కాజీపేట, వరంగల్ మధ్య దూరాలు సైకిలు దూరాలే. బెజవాడలో ఏలూరు, బందరు, రైవస్ కాలువల గట్లున్నాయి. చెట్టు నీడ, సమతలం, పక్కన నీళ్ళు. అలాంటి గట్టు దొరికిన ఊరు కొత్తగా భూమి కొనక్కర్లేదు.

రోడ్డు విస్తరించే ముందు బండ్ల లెక్క తీస్తారు. పగటి రద్దీలోనే కూర్చుంటే సైకిలు గడి దాదాపు ఖాళీగా వస్తుంది, ప్లానులో సైకిలుకు చోటూ పోతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకూ, రాత్రి షిఫ్టు మారేటప్పుడూ లెక్క తీయాలి. కూలీల అడ్డాల దగ్గర, పాలబూతుల దగ్గర, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర మనిషిని కూర్చోబెట్టి తీయాలి. ముందు ఏ జాలీ తిప్పాలో, ఏ మలుపు బిగించాలో ఆ కాగితమే చెబుతుంది.