ముందు వరుస సోఫాలు

డిసెంబరు వచ్చిందంటే మా కోస్తా జిల్లాల పేటల్లో సెమీ క్రిస్మస్ సభలు మొదలవుతాయి. షామియానా, సీరియల్ బల్బులు, కాగితపు నక్షత్రం, చెవులు దిబ్బళ్లు వేసే సౌండ్ బాక్సులు. వేదికకు ఎదురుగా తెల్లగుడ్డ కప్పిన సోఫాలు, వాటి వెనక ప్లాస్టిక్ కుర్చీలు, ఆ వెనక నేలమీద పట్టాలు. సోఫాలు ఎమ్మెల్యే గారికీ, ఆయన వెంట వచ్చేవారికీ. కుర్చీలు ఉద్యోగస్థులకూ, సంఘ పెద్దలకూ. ఏడాది పొడుగునా మందిరం ఊడ్చి, ఆదివారం పొద్దున్నే గంట కొట్టే ముసలామె మాత్రం పట్టా మీద, గుంజ పక్కన. ఆమెను అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పరు. తన చోటు ఏదో ఆమెకే తెలుసు. నన్ను ఆలోచనలో పడేసేది అదే.

ఆ సభలో పాస్టరు గారు చెప్పే వాక్యం చిన్నదేం కాదు. దేవుడు మనిషిని తన పోలికలో చేశాడంటారు. ఆదికాండం మొదటి అధ్యాయంలోని సంగతి అది. పాతకాలపు ఈజిప్టులోనూ, మెసొపొటేమియాలోనూ దేవుడి ప్రతిరూపమనే గౌరవం రాజుకే దక్కేది. ఆదికాండం దాన్ని రాజు దగ్గర్నుంచి తీసుకుని ఆడవాళ్లకూ మగవాళ్లకూ అందరికీ పంచిపెట్టింది. మానవ హక్కులకు వేళ్లు చాలా నేలల్లో ఉన్నాయి, అందులో ఇదొకటి. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్య సమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటన తయారీలో లెబనాన్ క్రైస్తవుడు చార్లెస్ మాలిక్ ఉన్నాడు. మన దేశం నుంచి హంసా మెహతా ఉంది. మగవాళ్లనే సూచించే మాట ఉన్న చోట మనుషులందరూ అని రాయించింది ఆమే.

చిక్కంతా ఆ వాక్యం విని లేచాక వస్తుంది. బైబిలు రాసినవాళ్లకూ ఆ సంగతి తెలుసు. యాకోబు పత్రిక రెండో అధ్యాయం చూడండి. బంగారు ఉంగరం పెట్టుకుని, మంచి బట్టలు కట్టుకుని ఒకాయన సమాజంలోకి వస్తే మంచి చోటు చూపిస్తారు. మాసిన బట్టలతో వచ్చిన బీదవాణ్ణి నిలబడమంటారు, లేదా కాళ్ల దగ్గర కూర్చోమంటారు. ఇది పక్షపాతం, పాపం అని యాకోబు మొహమాటం లేకుండా తేల్చేశాడు. తొలి తరం సంఘాల్లోనే ఈ సోఫాల గొడవ ఉందన్నమాట.

ఒంగోలుకు ఆ గొడవ 1860లలోనే వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడ కాపురం పెట్టిన కొత్తలో పై కులాల వారు ఆయన బడికి పిల్లల్ని పంపడానికి సుముఖంగానే ఉన్నారు. ఈలోగా ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, ఆయన వెనక మరికొందరు విశ్వాసంలోకి వచ్చారు. వాళ్లుంటే మేం రామని ఊరి పెద్దలు తెగేసి చెప్పారు. క్లౌ దొర, ఆయన భార్య ఎవరి గదిలో వాళ్లు ప్రార్థించి, చేతికందిన బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే చోటు కనిపించిందని ఆయన తర్వాత రాసుకున్నాడు. లోకం నీచమనుకున్న వారినే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే చోటు అది. ఆయన మాదిగల వైపే నిలబడ్డాడు, పై కులాల వారు దూరమయ్యారు.

ఆ తర్వాత 1876-78 కరువు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి ఇప్పించాడు. గంజి కోసం మతంలో కలిశారన్న ఎత్తిపొడుపు ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ ఆ కరువు పని జరుగుతున్న కాలంలో ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. ఆగినవాళ్లంతా 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డుకు వచ్చారు. ఆ నెల 3న ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు.

నాకు ఆ అంకె కన్నా ఆయన పెట్టిన షరతులు ఎక్కువ ఆసక్తిగా ఉంటాయి. ఆదివారం పని మానాలి. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. పైకి ఇవి మత నియమాలే. వెట్టి చేసే మాదిగ ఇంట్లో మాత్రం వాటి అర్థం వేరు. వారానికి ఒకరోజు ఆసామి పిలిస్తే రానని చెప్పాలి. జాతరలో డప్పు కొట్టనని చెప్పాలి. తరతరాలుగా నోరు మెదపని మనిషి రానన్న ఆ ఒక్క మాటకు తన్నులు తిన్నాడు, పనులు పోగొట్టుకున్నాడు. దేవుడి పోలిక అనే పెద్ద సిద్ధాంతం మా పల్లెల్లోకి దిగింది అలాగే, ఒక ఆదివారం సెలవుగా.

అయితే మేలు చేయడం వేరు, సమానంగా చూడడం వేరు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మన దేశం నుంచి వెళ్లిన అజరయ్య ఆ మాటే అన్నాడు. మీరు ఎన్నో త్యాగాలు చేశారు, ఇక మాకు స్నేహితులు కావాలన్నాడు. ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టని సేవ ఎలాంటిదో దొరల మొహం మీదే అడిగాడు. రెండేళ్ల తర్వాత ఆయన దోర్నకల్ బిషప్పయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు ఆయనే.

తెలుగులో ఈ బాధ జాషువా కన్నా ఎక్కువ ఎవరు పడ్డారు? తన కవిత్వాన్ని భళీ అని మెచ్చుకున్న మనిషే కులం ఏమిటని అడిగి, చెప్పగానే లేచిపోతే ఎలా ఉంటుందో ఆయన ఒక పద్యంలో చెప్పుకున్నాడు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అవార్డు వచ్చినా పక్కన కూర్చున్నవాడు లేచిపోయిన సంగతి మరుపున పడలేదు.

పగ లేచిపోవడంతోనే ఆగని రోజులూ ఉన్నాయి. 1991లో చుండూరు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు పై కులం కుర్రాడికి తగిలింది. అక్కడ రాజుకున్న పగ ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల ప్రాణాలు తీసింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ పల్లెలో చర్చికి వెళ్లే కుటుంబాలూ ఉన్నాయి. తరిమి నరికినవాళ్లు ఎవరినీ నీకు బాప్తిస్మం అయిందా అని అడగలేదు.

ఆ ప్రశ్న అడిగేది ప్రభుత్వం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులైన దళితులు బయటే మిగిలారు. మన రాష్ట్రంలో వాళ్లకు బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది. ఉత్తర్వు మార్చమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో తీర్మానం చేసింది. 2025లో ఒక పాస్టరు పెట్టిన ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసులో మతం మారినవాడికి ఆ చట్టం వర్తించదని మన హైకోర్టు తేల్చింది. అందుకే పేటల్లో చాలామందికి రెండు పేర్లు. సర్టిఫికెట్లో ఒకటి, ఆదివారం పిలుపులో ఒకటి. మతం మారితే కులం పోతుందని నమ్మేది ఆ ఉత్తర్వు కాగితం ఒక్కటే. ఆసామికి ఆ భ్రమ లేదు.

సంఘానికీ లేదు. గుంటూరు వైపు లూథరన్ చర్చిలో మాలలు, ఒంగోలు వైపు బాప్టిస్టు చర్చిలో మాదిగలు ఎక్కువని అందరికీ తెలుసు. పెళ్లి ప్రకటనల్లో రెడ్డి క్రిస్టియన్, కమ్మ క్రిస్టియన్, మాల క్రిస్టియన్, మాదిగ క్రిస్టియన్ అని ఎవరి వరుస వారిదే. 2016లో కథోలిక బిషప్పుల సమాఖ్య దళితుల విషయంలో విధాన పత్రం తెచ్చి, సంఘం లోపలి వివక్షను ఒప్పుకుంది. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్పు పూల ఆంతోని కార్డినలయ్యారు. ఆ హోదా అందుకున్న తొలి దళితుడు, తొలి తెలుగువాడు ఆయనే. సంతోషించాల్సిందే. కానీ ఒకరికి పెద్ద పీట వేసినంత మాత్రాన మిగతా పీటలు సర్దుకోవు.

1950 ఉత్తర్వు మారాలి. మతాన్ని బట్టి రక్షణ ఇచ్చే చట్టం న్యాయం కాదు. దానికోసం ధర్నాలు చేయండి, కోర్టుకెళ్లండి. అయితే ప్రభుత్వాన్ని అడిగే నోటితోనే మన సంఘాన్నీ అడుగుదాం. సమాధుల దొడ్డిలో ఎవరిని ఏ మూల పూడుస్తున్నామో, కమిటీలో ఎవరి ఇంటిపేర్లు తిరుగుతున్నాయో, పక్క పేట సంబంధం వస్తే మనింట్లో ఏమంటున్నామో చూసుకుందాం. అది చూసుకోని సంఘానికి మానవ హక్కుల దినం నాడు ప్రసంగం చేసే అర్హత లేదు.