తివాచిమందు – కొలత

తాంబూలమున సున్నము తక్కువైన నోరు పండదు. ఎక్కువైన నోరు పొక్కును. ఈ సంగతి మన యిండ్లలో పిల్లలకును తెలియును. సున్నమువంటి క్షారములే తివాచీలు కడుగు యంత్రములోనికి పోయునపుడు మాత్రము మనము కొలతను మఱచుచున్నాము. “ఇంకొంచెము పోయుము, మురికి బాగుగ వదలును” అని పురమాయించుచున్నాము. ఆ యింకొంచెమును గూర్చియే నాలుగు మాటలు వ్రాయదలచితిని.

తివాచి యొకప్పుడు మేడలలో నివసించువారి సొత్తు. నేడు మా బొబ్బిలివంటి యూళ్లలోను కల్యాణమంటపములందు, సామాన్యుల యిండ్లయందు గూడ పఱచుచున్నారు. వానిని కడుగు యంత్రమున రెండు తొట్లుండును. ఒక తొట్టిలోని మందునీటిని తుంపరగ చల్లి, వెంటనే మురికినీటిని రెండవదానిలోనికి పీల్చుకొనును. మందు డబ్బాపై 1:50 అని యున్నచో, ఒక పాలు మందునకు 50 పాళ్లు నీరని యర్థము. అనగా 10 లీటర్ల నీటికి 200 మిల్లీలీటర్లు. త్రాగు గ్లాసుతో దీనిని కొలువరాదు. కొలతపాత్ర వేఱుగ నుండవలెను.

కొన్ని పెద్ద సంస్థలలో ఈ కొలతను గోడకు తగిలించిన యొక చిన్న సాధనమే చూచుకొనును. నీరు ఇఱుకు సందున వేగముగ పోవునపుడు అచట ఒత్తిడి తగ్గి, మందు గొట్టముగుండ తనంత వచ్చి నీటిలో కలియును. గొట్టమున నమర్చిన బెజ్జమెంత సన్ననిదైన మందంత తక్కువగ వచ్చును. ఇటలీ దేశపు పండితుడు వెంచురి 1797లో ప్రకటించిన సూత్రమే దీనికి మూలము.

కొలత మించిన నేమగును? నిలిచిపోయిన మందు జిగటయై పాదధూళిని పట్టుకొనును. కడిగిన తివాచి త్వరగా మరల మాయును. నురుగు పొంగి మోటారులోనికి పోయి దానిని చెఱచును. ఉన్ని మన తలవెండ్రుకలవంటిది. తలకు కుంకుడుకాయ రుద్దుకొందుమే కాని చాకలిసోడా రుద్దుకొనము గదా! ఘాటైన క్షారము ఉన్నిని పెళుసుబాఱజేయును; బ్లీచింగు ద్రవము దానిని కరగించివేయును. పసుపు మరకపై క్షారము పడిన నెఱ్ఱబడును. పసుపును సున్నమును కలిపి పారాణి చేయు మనకిది క్రొత్తగాదు. అనేక తివాచీల యడుగున జనపనార యుండును. అది క్షారజలమున మిక్కిలి నాని, ఆలస్యముగ నారినచో, గోధుమరంగు పైకెక్కి మచ్చలు గట్టును.

తివాచి చెడిన మరల కొనవచ్చును. మా యూరి కల్యాణమంటపమొకదానిలో పెండ్లి మఱునాడు నేను చూచినది అంతకంటె ఘోరము. పసుపు మరక వదలించుటకై యొక కూలిస్త్రీ బ్లీచింగు ద్రవములో మరుగుదొడ్లు కడుగు ఆమ్లమును కలిపెను. నిమిషము గడువకముందే దగ్గుచు, కన్నులు నులుముకొనుచు వెలుపలికి పరుగెత్తెను. ఏమి కలిపితివమ్మా యని యడుగగా, “ఏటో తెలీదమ్మా! రెండూ కలిపితే మరక బేగి పోతాదని సెప్పినారు” అనెను. చెప్పినవారు దూరమున నీడపట్టున కూర్చుండియుండిరి. ఆ డబ్బాపై హెచ్చరిక లేకపోలేదు. అది యాంగ్లమున, చీమలవంటి యక్షరములతో నుండెను. ఆమెకు తెలుగును చదువరాదు. గాలిలో కూర్చుండి కొంతసేపటికి తేఱుకొని, మఱునాడు మరల పనికి వచ్చెను. రానిచో కూలి లేదు.

ఆ రెండు ద్రవములు కలిసినపుడు పుట్టునది క్లోరిను వాయువు. మొదటి ప్రపంచయుద్ధమున, 1915 ఏప్రిలు 22వ తేదీని, బెల్జియములోని ఈప్రు పట్టణము చెంత జర్మను సేన శత్రువులపై విడిచినది ఈ వాయువునే. బ్లీచింగు ద్రవము అమ్మోనియాతో కలిసినను విషవాయువే పుట్టును.

సోదరీమణులారా! ఏ రెండు మందులను కలుపనీయకుడు. తొట్టిలో ముందు నీరు, పిదప మందు పోయింపుడు. తివాచి మూలనొకచోట పరీక్షించి, ఆపై తక్కినది కడిగింపుడు. తుదకు మంచినీటితో మందంతయు పోవునట్లు తీయింపుడు. కిటికీలు తెఱపింపుడు. మందును కూల్‌డ్రింకు సీసాలలో పోసియుంచకుడు. దాహముగొన్న పసివాడు విషమని యెఱుగడు. కంట బడినచో తడవు చేయక 15 నిమిషములైన ధారగా నీటితో కడిగి, వైద్యునికి చూపవలెను. పని చేయు నామె చేతులకు రబ్బరు తొడుగులిండు. వాని వెల తివాచి వెలలో నెన్నవవంతు?

అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి. పని మొదలు పెట్టకముందు డబ్బాను చేతబట్టి, దానిపై నున్నదానిని తెలుగున ఆమెకు చదివి చెప్పుడు. చదువు నేర్చిన మనకు దానికి పట్టు కాలమెంత?