పూతకు ముందు చలి



ఐదో తరగతి ఇంగ్లిష్ క్లాసులో 'బ్లూబెర్రీ' అనే మాట వచ్చింది. ఒక పాప లేచి, "టీచర్, అది మన వెల్గటూర్‌లో పండదా?" అని అడిగింది. "మనకు ఎండలు ఎక్కువ కదమ్మా" అని చెప్పి పాఠంలోకి వెళ్లిపోయాను. నేను చెప్పింది సగమే నిజమని తర్వాత తెలిసింది.

మా అక్క అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటుంది. అక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీలు దిగువకు కూడా పోతుంది. ఆ చలికి తట్టుకునే నార్త్‌బ్లూ, నార్త్‌స్కై అనే రకాలను 1983లో మిన్నెసోటా యూనివర్సిటీ విడుదల చేసింది. పొట్టి మొక్కలు కాబట్టి మంచు వాటిని దుప్పటిలా కప్పి మొగ్గలను కాపాడుతుంది.

నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి వేరే ఉంది. ఆ మొక్కకు చలి అవసరం కూడా. 7 డిగ్రీల లోపు చలిలో సుమారు 800 నుంచి 1000 గంటలు నిద్రపోతేనే వసంతంలో మొగ్గ సరిగ్గా విచ్చుకుంటుంది. ఆమ్ల గుణమున్న నేల కూడా కావాలి. మన నల్లరేగడి దానికి పనికిరాదు.

ఇంట్లో ఈ మాట చెబితే నాన్న నవ్వారు. "మన మామిడి మాత్రం? చలి పడితేనే పూత. అంతకుముందు రెండు నెలలు నీళ్లు ఆపుతాం. ఆగలేక పెడితే ఆకు వస్తది, పూత రాదు" అన్నారు.

వెంటనే ఆ పాపే గుర్తొచ్చింది. పోయిన సంక్రాంతి సెలవులకు నేను నలభై పేజీల వర్క్‌షీట్లు ఇచ్చాను. అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి తెచ్చింది. కానీ వారమంతా క్లాసులో కునికిపాట్లే. "అమ్మమ్మ ఇంట్లో ఏం చేశావు?" అని అడిగితే, "పోలేదు టీచర్, వర్క్‌షీట్లు ఉండె" అంది.

తప్పు నాది. పూతకు ముందు నీళ్లు పెట్టింది నేనే.

మీరు కష్టపడి ఫీజు కడుతున్నారు. సెలవుల్లో బిడ్డ ఖాళీగా కనిపిస్తే మనసు ఒప్పదు, నాకు తెలుసు. అయినా ఈ సంక్రాంతికి మా క్లాసుకు ఒక్క పేజీయే ఇస్తున్నాను: చూసినదాని గురించి ఐదు ఇంగ్లిష్ వాక్యాలు. "ఇంతేనా?" అనకండి. పిల్లల్ని కడుపునిండా నిద్రపోనివ్వండి, అమ్మమ్మ ఇంటికి పంపండి. దగ్గర్లో మామిడి తోట ఉంటే తీసుకెళ్లి పూత చూపించండి. ఆ ఐదు వాక్యాలు వాళ్లే రాసుకొస్తారు.