రోహిణి కార్తె, లింక్ ఎక్స్‌ప్రెస్, రుషికొండ కెరటాలు

నౌతపా ఇంకా మొదలవలేదు గానీ బిలాస్‌పూర్‌లో మా రాజ్‌కిశోర్ నగర్ అప్పుడే మాడిపోతోంది. ఇక్కడివాళ్లు నౌతపా అంటారు, మన పెద్దవాళ్లు రోహిణి కార్తె అంటారు. రెంటికీ లెక్క ఒకటే: మే 25 ప్రాంతంలో సూర్యుడు రోహిణిలోకి వస్తాడు. ఛత్తీస్‌గఢ్ వాళ్లు మొదటి తొమ్మిది రోజులే లెక్కపెట్టుకుంటారు. మనం మృగశిర వచ్చేదాకా మొత్తం పద్నాలుగు రోజులూ తిట్టుకుంటాం. రోళ్లు పగులుతాయని సామెత ఉండనే ఉంది. ఈ రోజుల్లో రోళ్లెక్కడివి, పగిలేది కూలర్ మోటార్లే.

ఖస్ పరదాలు మార్చుకునేవాళ్లు మార్చుకున్నారు, ఆవకాయ పెట్టేవాళ్లు పెట్టేశారు. బజారులో తెందూ పళ్లు వచ్చాయి. పొద్దున్నే ఎదురింటి ఛత్తీస్‌గఢీ వాళ్లు బోరే బాసీ తింటుంటే, పక్కింటి శ్రీకాకుళం వాళ్లు చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుంటున్నారు. పేర్లు తప్ప తేడా ఏమిటో నాకైతే తెలియదు. అర్పా సంగతి అడగకండి. రాష్ట్ర గీతంలో అన్నిటికంటే ముందు వినిపించే నది పేరు అర్పాదే, కానీ మే నెలలో వంతెన మీంచి చూస్తే ఇసుకే కనిపిస్తుంది.

ఇక అసలు కబురు లింక్ ఎక్స్‌ప్రెస్. కోర్బా–విశాఖపట్నం రైలు, నంబరు 18517. మనకది లింకే. సాయంత్రం బిలాస్‌పూర్‌లో ఎక్కితే రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం దాటి మర్నాడు పొద్దున్న విశాఖ. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయిన దగ్గర్నుంచీ మన రైల్వే కుటుంబాలకు అమ్మగారిల్లు, అత్తగారిల్లు అన్నీ ఆ పట్టాల మీదే. సెలవులిచ్చారంటే చాలు, వీధిలో ఎవరు ఎదురైనా మొదటి ప్రశ్న "ఏటి, సీటయ్యిందా?" అనే. పాసు చేతిలో ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు కదా. పదకొండు గంటలకు స్లీపర్ తత్కాల్ తెరుచుకునే వేళ మా వీధిలో ఏ ఫోనూ పలకదు, అందరి వేళ్లూ దాని మీదే ఉంటాయి.

ఈసారి పిల్లల కోరిక మాత్రం కొత్తది. బీచ్‌లో మొక్కజొన్న పొత్తు, గుర్రం స్వారీ వాళ్లకు చాలడం లేదు. రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకుంటారట. 2025 ఆగస్టులో మహాబలిపురంలో ఆసియా సర్ఫింగ్ పోటీలు జరిగాయనీ, అందులో రమేశ్ బుదిహాళ్ కాంస్యం గెలిచాడనీ, వ్యక్తిగత విభాగంలో మన దేశానికి అదే మొదటి పతకమనీ వాళ్లే నాకు చెప్పారు. వింటున్న తాతగారొకరు, "కెరటం మీద నిలబడ్డం కొత్తేటి? మా భీమిలి జాలర్లు తెప్ప మీద నిలబడి రాలేదా?" అని తీసిపారేశారు. ఆయన మాటలో నిజముంది. నాలుగు దుంగలు తాడుతో కట్టిన తెప్ప మీద, తెడ్డు అటూ ఇటూ ఆనించుకుంటూ, విరిగే కెరటంతో పాటు ఒడ్డుకు జారి రావడం మన తీరానికి పాత విద్యే. అయితే వాళ్లు చేపల కోసం వెళ్లేవారు. మన పిల్లలు ఫోటో కోసం వెళ్తారు.

పిల్లలు చూసే వీడియోలతో ఒక చిక్కుంది. అవన్నీ పగడపు దిబ్బల మీద విరిగే కెరటాలు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ పోటీ పారిస్‌కు ఆమడల దూరాన తాహితీ దీవిలో టెయాహుపో దగ్గర జరిగింది. లోతు సముద్రంలోంచి వచ్చిన కెరటం ఒక్కసారిగా పగడపు గట్టుకు తగిలి గోడలా లేచి విరిగే చోటది. అలాంటిదాన్ని రీఫ్ బ్రేక్ అంటారు. గట్టు కదలదు కాబట్టి కెరటం ఎప్పుడూ దాదాపు ఒకే చోట, ఒకే తీరున విరుగుతుంది. తెలిసినవాడికి అదే వరం. తెలియనివాడు పడితే కింద ఉండేది ఇసుక కాదు. అలాగని రీఫ్‌లన్నీ రాకాసులు కావు. హవాయిలో వైకీకీ కూడా రీఫే. అక్కడ దిబ్బ నెమ్మదిగా వాలుతుంది కాబట్టి కెరటం కూడా తీరిగ్గా, చాలాదూరం విరుగుతూ వస్తుంది. ప్రపంచంలో ఎంతమందో మొదటిసారి బోర్డు మీద నిలబడింది అక్కడే.

మన దేశంలో పగడపు గట్ల మీద కెరటాలు కావాలంటే అండమాన్ లాంటి దీవులకు వెళ్లాలి. రుషికొండలో నేల ఇసుకే, పక్కలనే రాళ్లు. తూర్పు కనుమలు విశాఖ దగ్గర నేరుగా సముద్రంలోకి దిగుతాయి కాబట్టి ఆ తీరమంతా ఇసుక మేట, రాతి ముక్కు, మళ్లీ ఇసుక మేట. కొత్తవాళ్లు మధ్య ఇసుకలో ఉండాలి, రాళ్ల వైపు పోకూడదు. పాటులో నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు రాళ్లు కనిపిస్తాయి, పోటులో మునిగిపోతాయి. ఉదయం చూసి ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకుంటే సాయంత్రం పనికొస్తుంది. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, 2025లో కొన్నాళ్లు పోయి మళ్లీ వచ్చింది. ఆ జెండా శుభ్రతనూ వసతులనూ చూసి ఇచ్చేది. ఆ రోజు కెరటాలు ఎలా ఉన్నాయో జెండాకు తెలియదు.

మరి ఈ సెలవుల్లో కెరటాలు ఎలా ఉంటాయి? సూటిగా చెప్తాను: మనకు సెలవులు దొరికే కాలం, సముద్రం కొత్తవాళ్లను మన్నించే కాలం ఒకటి కాదు. విశాఖ తీరంలో నవంబరు చివరి నుంచి మార్చి దాకా తుపాను లేని రోజుల్లో కెరటాలు మామూలుగా మీటరు లోపే ఉంటాయి. ఏప్రిల్ దాటాక పెరగడం మొదలై, నైరుతి పూర్తిగా పట్టుకున్న జూన్–ఆగస్టుల్లో రెండు మీటర్ల దాకా లేస్తాయి. మే నెల ఈ రెంటి మధ్యా ఊగుతుంది. నాలుగు రోజులు బుద్ధిగా ఉంటుంది, అయిదో రోజు ఎందుకో తెలియకుండా విరుచుకుపడుతుంది.

ఆ ఎందుకోకి జవాబు విశాఖలో దొరకదు, భూమధ్యరేఖ దాటి బాగా కిందికి వెళ్లాలి. మనకు ఎండాకాలమంటే దక్షిణార్ధగోళంలో చలికాలం దగ్గరపడుతున్నట్టు. అంటార్కిటికాకు పైనున్న మహాసముద్రంలో పెద్ద గాలివానలు లేస్తాయి. ఆ గాలికి పుట్టిన కెరటాలు గాలి ఆగినా ఆగవు, ఉత్తరానికి నడుస్తూనే ఉంటాయి. వీటిని స్వెల్ అంటారు. పద్దెనిమిది సెకన్లకొకటి చొప్పున వచ్చే పొడుగాటి కెరటాల గుంపు గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. అంటే ఇంచుమించు మన లింక్ ఎక్స్‌ప్రెస్ సగటు వేగమే. తేడా ఏమిటంటే కెరటాలకు టిట్లాగఢ్‌లో క్రాసింగ్ ఉండదు. ఏడు వేల కిలోమీటర్లు దాటడానికి అయిదారు రోజులు పడుతుంది. ఆ వేళకి విశాఖలో ఆకాశం నీలంగా ఉండొచ్చు, ఆకు కూడా కదలకపోవచ్చు. గాలిలేని రోజున ఒడ్డుకు వచ్చిపడే ఈ పెను కెరటాలను కేరళ జాలర్లు కల్లక్కడల్ అంటారు. 2024 మే 6న కన్యాకుమారి జిల్లాలో అయిదుగురు వైద్య విద్యార్థులు సముద్రంలో పోయింది కల్లక్కడల్ హెచ్చరిక ఉన్న రోజుల్లోనే.

మన బిలాస్‌పూర్ వాళ్లకు ఈ సంగతి గట్టిగా చెప్పాలి. మనది మబ్బును చూసి గొడుగు తీసే ఊరు. మధ్యాహ్నం మబ్బేసి, సాయంత్రం దుమ్ము లేచి, నాలుగు చినుకులు పడితే వాతావరణం అయిపోయినట్టే. సముద్రం దగ్గర మబ్బు చూస్తే సగమే తెలుస్తుంది.

మిగతా సగం హైదరాబాద్ చెబుతుంది. అక్కడా సముద్రం లేదు, మనలాగే. 1999లో పెట్టిన ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ప్రగతినగర్‌లో కూర్చుని దేశం మొత్తం తీరానికీ కెరటాల జోస్యం చెబుతుంది, పెద్ద కెరటాలొస్తే హెచ్చరిక ఇస్తుంది. 'సముద్ర' అని వాళ్ల యాప్ కూడా ఉంది. అందులో అందరూ ఎత్తు చూసి వదిలేస్తారు. దాని పక్కనే సెకన్ల అంకె ఉంటుంది, కెరటానికీ కెరటానికీ మధ్య వ్యవధి. దాన్ని తప్పకుండా చూడండి. మీటరు ఎత్తు, ఏడు సెకన్లు అంటే ఊళ్లోని గాలికి పుట్టిన చిల్లర కెరటం. అదే మీటరు, పదిహేను సెకన్లు అంటే రెట్టింపు బలంతో వచ్చేది, ఒడ్డు దగ్గర మీటరుకు మించి లేచేది. కొత్తవాళ్లకు రెండడుగులు, మహా అయితే మూడడుగుల కెరటం చాలు. పదమూడు పద్నాలుగు సెకన్లు దాటితే ఆ పూట ఒడ్డున కూర్చుని ముంత మసాలా తినడం మేలు, అది రైల్లో కంటే అక్కడే బాగుంటుంది.

ఇక వేళ. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు సన్నగా గాలి వీస్తుంది. కెరటం ముఖం నున్నగా ఉంటుంది, నిలబడటం తేలిక. ఎండెక్కేకొద్దీ గాలి తిరిగి సముద్రం మీంచి వస్తుంది, మధ్యాహ్నానికి నీళ్లన్నీ కలగాపులగం. లింక్ దిగి, టిఫిను తిని, బంధువుల ఇంట్లో సామాను పెట్టి, తీరిగ్గా పదకొండింటికి బయల్దేరితే రుషికొండలో దొరికేది ఆ కలగాపులగమే. అయిదున్నరకు నీళ్ల దగ్గర ఉండగలిగితే ఉండండి, లేకపోతే కైలాసగిరి చూసుకోండి.

పోటుపాట్ల లెక్క పంచాంగం చూసే అమ్మమ్మలకు వదిలేయొచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ పాటుకూ తేడా ఎక్కువ, విశాఖలో అప్పుడు నీటిమట్టం సుమారు మీటరున్నర అటూ ఇటూ అవుతుంది. అష్టమి నవములకు తక్కువ. శుభకార్యాలకు పనికిరాదనే అష్టమి సర్ఫింగ్ నేర్చుకోవడానికి మాత్రం బాగానే ఉంటుంది. పోటు వేళ రోజుకు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది.

ఇంకొకటి. ఒడ్డున నిలబడి చూస్తే అటూ ఇటూ తెల్లగా నురగలు కక్కుతూ, మధ్యలో ఒక చోట మాత్రం నీళ్లు కదలకుండా ముదురు రంగులో కనిపిస్తాయి. మనవాళ్లు "ఇక్కడ బాగుందిరా" అని పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పరుగెత్తే దారి అది, రిప్ కరెంట్. అది లాగితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. పక్కకు, ఒడ్డుకు సమాంతరంగా ఈది దాటాలి. బోర్డు కాలికి కట్టి ఉంటే దాన్ని పట్టుకుని తేలుతూ చెయ్యెత్తాలి. శిక్షకుడు లేకుండా మొదటిసారి దిగడం అనే ఆలోచనే వద్దు. ఎనిమిది తొమ్మిదడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు ఇచ్చి, నడుము లోతు నీళ్లలో, విరిగిపోయిన తెల్ల నురగ మీద నేర్పేవారి దగ్గరే చేరండి. మొదటి రోజే ఇంకా విరగని పచ్చటి కెరటం ఎక్కిస్తానన్నవాడికి దండం పెట్టి వచ్చేయండి.

తుపానుల మాట కూడా అనుకోవాలి. బంగాళాఖాతానికి రెండు పూనకాలు, వానాకాలం ముందొకటి, తర్వాతొకటి. 2019 మే 3న ఫణి పూరీని కొట్టింది. 2022 మేలో అసాని వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి తీరానికి బంగారు రంగు రథం ఒకటి కొట్టుకొచ్చింది. ఏ బర్మా వైపు నుంచో వచ్చిందన్నారు. మా వీధిలో వారం రోజులు అదే ముచ్చట, ఎవరికి వాళ్లు అందులో ఎంత బంగారముందో లెక్కకట్టేశారు. అంతా రంగే. రెండో పూనకం ఇంకా గట్టిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద చేసింది మరిచిపోయేది కాదు. 2020 అక్టోబరులో వాయుగుండం దెబ్బకు 'ఎం.వి. మా' అనే బంగ్లాదేశ్ ఓడ లంగరు తెంచుకుని తెన్నేటి పార్కు రాళ్ల మీదికెక్కింది. ఓడే ఆగలేదు, ఫోమ్ బోర్డు ఏమాగుతుంది? కాబట్టి దసరా సెలవులకు పిల్లలు మళ్లీ సర్ఫింగ్ అంటే, వాయుగుండం మాట వినిపించిన వారం వద్దనండి.

ఈ లోపు జూన్ మధ్యకల్లా ఇక్కడికీ వానలొస్తాయి. ఒడిశా తీరంలో అల్పపీడనం పట్టిందంటే రెండు మూడు రోజుల్లో అది మన నెత్తి మీదికి వచ్చి కురుస్తుంది, అర్పాలో నీళ్లు పారతాయి, వంతెన మీద సెల్ఫీలు మొదలవుతాయి. అక్కడ విశాఖలో జూన్ 14తో చేపల వేట నిషేధం ముగుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి అరవై ఒక్క రోజులు ఒడ్డునున్న మరబోట్లు మళ్లీ కదులుతాయి. వానాకాలపు విశాఖ కెరటాలు చూడటానికే. నేర్చుకోవడానికి మాత్రం సంక్రాంతి నుంచి హోలీ దాకా ఉన్న రోజులకు సాటి లేదు: పొద్దున్నే చల్లగా, గాలి తక్కువగా, కెరటం మోకాలి నుంచి నడుము దాకా.

బళ్లు అప్పుడు సెలవులివ్వవు కదా అంటారు. సంక్రాంతికి ఎలాగూ ఊరెళ్తున్నారు, ఇంకో రెండు రోజులు కలుపుకోండి. రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తున్నారు. జనవరి 12 లింకుకు నవంబరు 13 పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. మా వీధిలో వాళ్లకు ఈ తేదీ చెప్పకండి, ఉన్నవి కాసిని బెర్తులే.