సాంచాల హోరులో ఓరుగల్లు నేతన్న

జంపఖానాలకు పేరున్న వరంగల్ ప్రాంతం నుంచి బతుకుదెరువుకు సూరత్ చేరిన నేతన్నకు మొదట ఎదురయ్యేది చప్పుడు. ఇంట్లో గుంటమగ్గం అతని కాలు, చెయ్యి ఆడినట్టే ఆడేది. అతను అలిసిపోతే ఆగేది. ఇక్కడి సాంచాలు అలా ఆగవు. వాటి హోరులో పక్కవాడికి ఏం చెప్పాలన్నా సైగలే గతి.

షెడ్డు దాటితే మరో ఆశ్చర్యం. లింబాయత్ సందుల్లో తెలుగు వినిపిస్తుంది. నగరపాలక సంస్థకు తెలుగు మాధ్యమం బడులూ ఉన్నాయి.

1934లో వెలిసిన ఆజంజాహి మిల్లు మూతపడ్డాక వరంగల్‌లో నేతపనికి పెద్ద దిక్కు పోయింది. వలసపోయినవారిని వెనక్కి రప్పించాలన్న ఆశతో 2017లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు. తండ్రులకు అది సొంతూరి పిలుపు. సూరత్‌లో పుట్టిన పిల్లలకు మాత్రం వరంగలే కొత్త ఊరు!