మంచిర్యాల యడవులు: ఆకు రాలు వేళ

కాజీపేటనుండి బల్హార్షాకు పోవు రైలు గోదావరి వంతెన దాటిన కొంతసేపటికే మంచిర్యాల వచ్చును. ఫాల్గుణ చైత్రములలో నచ్చటినుండి జన్నారము మీదుగా కవ్వాల్ యడవులకు పోవువారికి మోడువాఱిన టేకుచెట్లును, అడుగిడినంతనే గలగలమను నెండుటాకులును కానవచ్చును. అడవి చచ్చినదేమో యని తోచును. కాని యది చావు కాదు, పొదుపు. ఆకులగుండ చెట్టు నిరంతరము నీటి నావిరిగా విడుచుచుండును. నేల యెండిన వేళ నా వ్యయము భరింపలేక, ఆకులలోని సారమును కొంత కొమ్మలలోనికి దీసికొని, టేకు వాని నన్నిటిని విడిచివైచును. తొలకరికి మరల చిగుర్చును.

ఆ వేసవిలోనే యూరి యిండ్ల ముంగిట పెంచు తూజా మాత్రము పచ్చగా నుండును. ఇదియు, హిమాలయములలోని దేవదారు, సరళవృక్షములును కుటుంబములు వేఱైనను, ఒక్క కోనిఫరు వర్గపు చుట్టములు. నిత్యహరితములు గనుక వీని యాకు రాలదని పెక్కురు తలంతురు. అది నిజము కాదు. వీని యాకులు సన్నని సూదులుగనో, చిన్న పొలుసులుగనో యుండి, మైనపు పూతతో నీటిని కాపాడుకొనును. కావున నన్నిటి నొక్కసారి రాల్చ బనిలేదు. క్రొత్తబియ్యము కొట్టులో బోసికొనుచు ప్రాతబియ్యము వాడు గృహిణివలె, క్రొత్తవి యుండగనే ప్రాతవానిని వదలుచుండును. సూదియాకు సాధారణముగా రెండు మూడేండ్లుండును. అమెరికాలోని బ్రిసిల్‌కోన్ పైనునం దది 30 ఏండ్లకు పైగా నిలుచును. లార్చి యను జాతి మాత్రము ఏటేట మోడువాఱును. చలిదేశములలో ప్రాతసూదులు శరత్తున రాలును. హిమాలయపు సరళవృక్షమునకు మన టేకువలె వేసవియే కాలము.

రాలినయాకు వ్యర్థము కాదు. మందమఱ్ఱి, శ్రీరాంపురము గనులలోని బొగ్గు, 25 కోట్ల యేండ్లకు పైబడిన కాలమున గ్లోసాప్టెరిస్ మొదలగు వృక్షముల యాకులును కొమ్మలును బురదలో బడి మాఱినదే. నేడది జైపూరు విద్యుత్కేంద్రమున మండి మన యిండ్లకు వెలుగిచ్చుచున్నది.

సోదరీమణులారా, మీ తూజా లోపలి ప్రాతరెమ్మలు గోధుమవన్నె దాల్చి రాలినచో చెట్టు చచ్చెనని పెఱికింపకుడు. కొనలలోని లేతరెమ్మలెండినప్పుడే నీరు చాలలేదో, నీరు నిలిచి వేరు కుళ్లెనో చూడవలెను. రాలిన దానిని తగులబెట్టక చెట్టు మొదట పఱపుడు. ఇప్పపూవు లేరుకొనుటకై యడవిలో నెండుటాకులకు పెట్టు నిప్పు, పూవుతోబాటు రేపటి మొలకలను, నేలకు దక్కవలసిన బలమును కూడ కాల్చివైచును. సరళసూదుల మంట హిమాలయములలో చేయుచున్న చేటును నిదియే.